బందూఖు, గుండు, గాయం: కృష్ణా మెట్ట తాలూకాలలో వేట తుపాకి చరిత్ర

విజయవాడ నుండి హైదరాబాదుకు పోయే రాజమార్గం మీద పరిటాల, కంచికచర్ల దాటి, కీసర వద్ద మునేరును గడచి, నందిగామ మీదుగా జగ్గయ్యపేట వైపు సాగే బాటసారికి భూమి స్వరూపం మారుతున్న సంగతి సులభంగానే తెలుస్తుంది. కాలువల కింది మాగాణి వెనుకబడుతుంది. పత్తి, మిరప, జొన్న పండే మెట్ట చేలు, వాటి నడుమ తుమ్మ పొదలు, చిట్టడవి కప్పిన గుట్టలు కనబడతాయి. ఒక ప్రక్క కృష్ణానది, మరొక ప్రక్క తెలంగాణ సరిహద్దు. మునేరు, పాలేరు ఈ నేలను కోసుకుంటూ వచ్చి కృష్ణలో కలుస్తాయి. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అంతకు ముందు తరతరాలుగా దీనిని కృష్ణా జిల్లా మెట్ట తాలూకాలుగానే జనం ఎరుగుదురు.

గుట్ట ప్రక్కన చేను ఉన్నచోట అడవిపంది, కుందేలు, కౌజు పిట్ట కొత్త కావు. అవి ఉన్నచోట తుపాకీ కొత్త కాదు. అయితే ఇక్కడి రైతు చేతిలో ఎక్కువ కాలం ఉన్నది తూటా వేసి కాల్చే తుపాకి కాదు. గొట్టం మూతి నుండి మందు పోసి, పీచు దట్టించి, గుండు దింపి కాల్చే తుపాకి. తెలుగువారు దానిని నాటు తుపాకి అన్నారు. ఉర్దూ మాట్లాడేవారు భర్‌మార్ బందూఖు అన్నారు.

వేటకు పోయేవాడు ఏ తుపాకి ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు వేటగాడు దూరాన్ని, గురిని, బరువును బట్టి జవాబు చెబుతాడు. ప్రభుత్వం భద్రతను బట్టి జవాబు చెబుతుంది. ముస్లిం గృహస్థుకు మాత్రం ఈ రెంటికంటె ముందు వచ్చే ప్రశ్న మరొకటి ఉంది: ఆ తుపాకి చేసే గాయం ఎటువంటిది? దానితో పడిన జంతువు మాంసం ఇంట్లో వండదగినదా? ఈ మూడు ప్రశ్నలు ఒకే ఆయుధం చుట్టూ ఎలా తిరిగాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పేరులో దాగిన చర్చ

తుపాకి అనే తెలుగు మాట తుర్కీ భాషలోని తుఫెక్ నుండి వచ్చింది. బందూఖు చరిత్ర అంతకంటె ఆసక్తికరమైనది. అరబ్బీలో బుందుఖ్ అంటే మొదట ఒక గింజ పేరు, గుండ్రని గట్టి గింజ. ఆ గింజంత మట్టి ఉండను ఎండబెట్టి వింటితో విసిరి పిట్టలను కొట్టేవారు. ఆ ఉండకు బుందుఖా అని పేరు వచ్చింది. తరువాత మందుగుండు వచ్చింది, సీసపు గుండు వచ్చింది. గుండ్రని గుండుకు పాత పేరే నిలిచింది. చివరకు గుండును పేల్చే ఆయుధానికే బందూఖు అన్నారు.

ఆ మట్టి ఉండ తెలుగువారికీ తెలిసినదే. ఉండేలుతో గువ్వలను, పావురాలను కొట్టని పల్లె ఏది? ఉండేలు ఉండ తగిలి పిట్ట పడిపోతుంది. దాని ఎముక విరుగుతుంది, లోపల నెత్తురు గడ్డకడుతుంది, చర్మం మాత్రం చాలసార్లు చీలదు. ఈ చిన్న సంగతిలోనే ఇస్లామీ ధర్మశాస్త్రంలోని పెద్ద చర్చకు మూలం ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లో అల్ మాయిదా సూరా 3వ ఆయతు నిషిద్ధాలను వివరిస్తూ, దెబ్బ తగిలి చచ్చిన జంతువును వాటిలో చేర్చింది. అరబ్బీలో దీనిని మౌఖూజా అంటారు. ఆ వెంటనే 4వ ఆయతు శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదానిని, అల్లాహ్ నామం స్మరించే షరతుపై, ధర్మసమ్మతం చేసింది. అనగా వేట స్వయంగా నిషిద్ధం కాదు. ప్రాణం ఎలా పోయిందన్నదే విచారణీయం.

ఈ విషయంలో అందరూ ఆధారం చేసుకొనే హదీసు అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖించినది. ఆయన తయ్ తెగ నాయకుడు. దక్కను ముస్లిం ఇళ్ళలో కథలుగా చెప్పుకొనే దానశీలి హాతిమ్‌తాయి కుమారుడు. ఎడారి వేటగాడు గనుక ఆయన అడిగిన ప్రశ్నలు కూడా వేటగాడి ప్రశ్నలే. మిఅరాజ్ అనే మొద్దు బాణపు కర్రతో కొట్టిన జంతువు సంగతి ఏమిటని ఆయన దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. దాని మొన తగిలి చీల్చిన యెడల తినవచ్చుననీ, అడ్డంగా తగిలి చచ్చిన యెడల అది దెబ్బతో చచ్చినదే గనుక తినరాదనీ జవాబు వచ్చింది. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మట్టి ఉండతో చచ్చిన పిట్ట మౌఖూజాయేనని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన మాటను ఇమాం బుఖారీ అదే సందర్భంలో ఉదహరించారు.

కాబట్టి సూత్రం స్పష్టం: పదును చీల్చాలి, బరువు నలగగొట్టరాదు. కత్తికీ రాయికీ మధ్య ఈ గీత గీయడం సులభం. బందూఖు గుండు వచ్చిన తరువాత ఆ గీత ఎక్కడ పడుతుందన్నదే కష్టమైన ప్రశ్న.

ఫకీహుల ముందుకు వచ్చిన సీసపు గుండు

తొలి ఇమాములకు మందుగుండు తెలియదు. మాలికీ పండితుడు దుసూఖీ (మరణం 1815) ఈ వాస్తవాన్ని సూటిగా ఒప్పుకొన్నారు. హిజ్రీ ఎనిమిదవ శతాబ్దం నడిమిలో మందుగుండు ప్రచారంలోకి వచ్చింది గనుక పూర్వుల గ్రంథాలలో దీనికి సూటి నిర్ణయం లేదని ఆయన చెప్పారు. పూర్వుల మాట లేనిచోట తరువాతివారు రెండు దారులు పట్టారు.

మొదటి దారి హనఫీ పండితులది. ఖుదూరీ (మరణం 1037), హిదాయా కర్త మర్గీనానీ (మరణం 1197) వంటివారి గ్రంథాలలో మట్టి ఉండతో చచ్చిన వేట తినరాదన్న నియమం ఉంది. సీసపు గుండు వచ్చిన తరువాత ఈజిప్టు పండితుడు ఇబ్నె నుజైమ్ (మరణం 1563) దానికీ అదే తీర్పు చెప్పారు. దమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) కారణం విడమరచి చెప్పారు. గుండుకు పదును లేదు, అది చేసే గాయం వేగంగా వచ్చిన బరువువల్లా, కాల్పువల్లా కలుగుతుంది, కనుక దానితో చచ్చినది హలాల్ కాదు. దక్కనులోను, తెలుగు దేశంలోను ముస్లిములు అత్యధికులు హనఫీలు గనుక నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలోని వేటగాడికి వర్తించిన తీర్పు ఇదే.

రెండవ దారి పట్టినవారిలో ఫాస్ నగరపు మాలికీ పండితుడు అబ్దుల్ ఖాదిర్ అల్ ఫాసీ (మరణం 1680) ప్రముఖుడు. గుండు నెత్తురు కార్చుతుంది, ప్రాణాన్ని త్వరగా తీస్తుంది, కాబట్టి అది మట్టి ఉండ వంటిది కాదని ఆ పక్షం వాదించింది. యమన్ పండితుడు షౌకానీ (మరణం 1834) కూడా గుండు ఒక ప్రక్క దూసి మరొక ప్రక్కకు పోతుందనీ, అది చీల్చడమే గాని నలగగొట్టడం కాదనీ, అల్లాహ్ నామం స్మరించి కాల్చినచో వేట తినవచ్చుననీ అభిప్రాయపడ్డారు.

పాఠకులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇరుపక్షాలవారూ ఆధారం చేసుకొన్న హదీసు ఒకటే. భేదమంతా గాయం స్వభావాన్ని గురించినది. గుండు పేరు బందూఖా గనుక పాత బందూఖా తీర్పే చెల్లుతుందా, లేక పేరు ఏదైనా గాయాన్ని చూసి తీర్పు చెప్పాలా? ఇబ్నె ఆబిదీన్ కూడా కేవలం పేరును పట్టుకొని తీర్పు ఇవ్వలేదు. గుండుకు పదును లేదన్న భౌతిక కారణాన్ని చూపారు. అంటే ధర్మశాస్త్ర పండితులు తుపాకి పనితనాన్ని పరిశీలించే మాట్లాడారు. అందువల్ల తుపాకి మారినప్పుడల్లా ప్రశ్న మళ్ళీ తలెత్తింది.

వత్తి నుండి టోపీ వరకు

మూతినుండి నింపే తుపాకి ఒకే రకం కాదు. మొదటిది వత్తి తుపాకి. నిప్పు అంటించిన జామగిని, అంటే నూలు తాటి వత్తిని, రంజకానికి తాకించి కాల్చేవారు. ఉర్దూలో ఇది తోడేదార్. వానలో వత్తి ఆరిపోతుంది. చీకటిలో వత్తి నిప్పు కనబడి, వాసన తగిలి, జంతువు పారిపోతుంది. రెండవది చెకుముకి తుపాకి. చెకుముకి రాయి ఉక్కును కొట్టగా రాలిన నిప్పురవ్వతో రంజకం అంటుకొంటుంది. మూడవది టోపీ తుపాకి. గొట్టం వెనుక చనుమొన వంటి చిన్న గొట్టంమీద రాగి టోపీ పెట్టి, సుత్తి దానిని కొట్టగానే లోపలి మందు పేలుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన ఈ టోపీ పద్ధతే మెట్ట పల్లెలలోని నాటు తుపాకులకు ఆధారమయింది.

తుపాకిని బారుచేయడం, అంటే నింపడం, ఓపిక కావలసిన పని. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందును కొలత ప్రకారం గొట్టంలో పోయాలి. సామాన్యంగా నూటికి 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. దానిపై పీచు పెట్టి కడ్డీతో దట్టించాలి. తరువాత గుండు, లేదా పిట్టల కోసమైతే చిన్న సీసపు రవ్వలు. మళ్ళీ పీచు. గురి తప్పిన యెడల ఈ పని అంతా మొదటి నుండి చేయాలి. అప్పటికి వేట గుట్ట దాటి ఉంటుంది.

గుండు బరువును బట్టే గొట్టానికి పేరు పెట్టే సంప్రదాయం కూడా ఈ తుపాకులదే. 12 బోరు అంటే, ఒక పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే వాటిలో ఒకటి సరిగా పట్టే గొట్టం. ఆ గుండు ఒక్కొక్కటి సుమారు 38 గ్రాములు తూగుతుంది, అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇటువంటి గుండ్రని సీసపు ముద్దను చూచిన హనఫీ పండితుడు దానికి పదును ఎక్కడున్నదని అడగడం సహజమే.

లోపలి గొట్టం నున్నగా ఉంటే గుండు కొద్ది దూరంలోనే దారి తప్పుతుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు కోస్తే గుండు బొంగరంలా తిరుగుతూ పోయి గురి నిలుపుకొంటుంది. అదే రైఫిల్. మూతినుండి నింపే రైఫిళ్ళలో ప్రసిద్ధమైనది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. దాని గొట్టం కొలత 0.577 అంగుళం. అందులో వేసేది గుండ్రని గుండు కాదు, మొన ఉన్న పొడుగుపాటి గుండు. మందు, గుండు కలిపి కట్టిన కాగితపు తూటాను నోటితో చించి నింపేవారు. ఆ తూటాకు పూసిన కొవ్వులో ఆవు కొవ్వు, పంది కొవ్వు కలిసి ఉన్నదన్న వార్త 1857లో ఉత్తరాదిన సిపాయిలను కదిలించింది. ఆ ఏడాది జులై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన జనం రెసిడెన్సీపై దాడి చేశారు. తుపాకి ఎంపికలో మత ధర్మాన్ని లెక్కచేయని పాలకులకు చరిత్ర చెప్పిన పాఠం ఇది.

పాలకులు ఆ పాఠాన్ని మరొక విధంగా అర్థం చేసుకొన్నారు. తిరుగుబాటు అణగిన తరువాత దేశీయ సిపాయిలకు గాడులు లేని, నున్నని గొట్టం తుపాకులు తయారు చేయించి ఇచ్చారు. మంచి తుపాకి పాలకుని చేతిలో, తక్కువ తుపాకి పాలితుని చేతిలో ఉండాలన్న నీతి అప్పటినుండి చట్టాలలోను కనబడుతుంది.

సరిహద్దు నేలలో ఆయుధ చట్టం

మెట్ట తాలూకాల చరిత్ర మొదటినుండీ సరిహద్దు చరిత్రే. బేతవోలు అనే గ్రామాన్ని పట్టణంగా పెంచి, తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేట అని నామకరణం చేసినవాడు జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. అంతకు ముందే, 1766లో, కొండపల్లి దుర్గం ఈస్టిండియా కంపెనీ వశమయింది. ఆ ఏడాది నవంబరులో నిజాం అలీతో కుదిరిన ఒడంబడికతో ఉత్తర సర్కారులపై కంపెనీ అధికారం స్థిరపడింది. అయినా నిజాం పూర్తిగా తొలగిపోలేదు. వజ్రాల గనులున్న పరిటాల, దాని చుట్టుపట్ల కొన్ని గ్రామాలు నిజాం వద్దనే నిలిచాయి. బ్రిటిష్ నేల మధ్య అది నిజాం ద్వీపం. అటు మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్య ఉండి కూడా కృష్ణా జిల్లాకు చెందినది. 1948లో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాతనే పరిటాల ద్వీపం సంగతి ముగిసింది. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో చేరింది.

ఇటువంటి నేలలో తుపాకి ఒక ఊరిలో ఒక ప్రభుత్వానికి, పొరుగూరిలో మరొక ప్రభుత్వానికి లోబడి ఉండేది. బ్రిటిష్ వైపు 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో ఆయుధ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఆయుధం ధరించడం నేరమయింది. యూరోపియనులకు మాత్రం మినహాయింపు. 1882లో మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులలో వేటను ప్రభుత్వ నియమాల కిందికి తెచ్చింది. 1912లో అడవి పక్షుల, జంతువుల సంరక్షణ చట్టం వేట కాలాన్ని నియంత్రించింది. తుపాకి, అడవి, జంతువు ఈ విధంగా మూడు అంచెలలో రైతు చేతినుండి ప్రభుత్వ అధీనంలోకి పోయాయి.

ఆయుధ చట్టంలోని వివక్షను ప్రశ్నించినవారిలో ముస్లిం ప్రముఖుల పాత్ర గమనార్హం. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మూడవ మహాసభకు అధ్యక్షత వహించినవారు బద్రుద్దీన్ తయ్యబ్జీ. ఆ చట్టాన్ని సడలించాలని కోరుతూ ఆ సభ తీర్మానించింది. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకొనే హక్కును కూడా పేర్కొన్నారు. స్వతంత్ర భారత రాజ్యాంగంలో మాత్రం దానికి చోటు దొరకలేదు.

1878 చట్టం స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చింది. 1962 అక్టోబరు 1 నుండి అమలయింది. దాని 13వ సెక్షనులో నాటు తుపాకిని గురించిన ప్రత్యేకమైన మాట ఉంది. పంటను కాపాడుకోవడానికి నిజంగా అవసరమైన యెడల మూతినుండి నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వాలి. ఆ తుపాకి చాలదని అధికారికి తోచినప్పుడే నున్నని గొట్టం గల వేరొక తుపాకిని అనుమతించవచ్చు. ఆ మాటకు అర్థం ఏమి? రైతుకు ఇవ్వదగినది అన్నిటికంటె నెమ్మదైన తుపాకి అని. 1857 తరువాత సిపాయి విషయంలో పాటించిన నీతి, ఉద్దేశం వేరైనా, రైతు విషయంలోనూ కొనసాగింది.

వేటగాడి చేతిలో కత్తి

హనఫీ వేటగాడికి ఇంతకు ముందు చెప్పిన తీర్పు వేటను మూసివేయలేదు, వేట పద్ధతిని మార్చింది. గుండు తగిలిన జంతువు ప్రాణంతో దొరికి, బిస్మిల్లాహ్ పలికి జిబహ్ చేసిన యెడల అది హలాలే. దొరికిన తరువాత అవకాశం ఉండి కూడా జిబహ్ చేయక వదిలిపెట్టితే తినరాదు. కాబట్టి తుపాకి పని జంతువును నిలిపివేయడం వరకే. హలాల్ చేసేది కత్తి.

ఈ దృష్టితో చూచినప్పుడు తుపాకి మంచి చెడ్డల లెక్క తారుమారవుతుంది. దూరంనుండి కాల్చగలిగే తుపాకి గొప్పది కాదు, జంతువును చేరేలోగా దాని ప్రాణం పోవచ్చు. గుండెను చీల్చి తక్షణం చంపే గురి కూడా లాభం కాదు. దగ్గరకు నడిచి పోయి, తోడుగా వచ్చినవాడు పదునైన కత్తితో పరుగెత్తగలిగినంత దూరంలో కాల్చడమే సరైన వేట. మూతినుండి నింపే తుపాకి తనంతట తానే ఈ క్రమశిక్షణను నేర్పుతుంది. దానికి రెండవ గుండు వెంటనే లేదు. దాని పోటు ఎక్కువ దూరం చెల్లదు. బ్రిటిష్ అధికారులు రాసిన వేట గ్రంథాలలో, జంతువు పడగానే ముస్లిం షికారీ కత్తి దూసి పరుగెత్తిన దృశ్యం తరచు కనబడుతుంది. కొందరు దొరలు దానిని వింతగా చెప్పారు. అది వింత కాదు, తీర్పును పాటించడం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. తక్షణం చంపడమే జంతువుకు దయ కాదా, ప్రాణంతో దొరకాలని కోరడం దానిని బాధించడం కాదా? ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. దయ ఈ ధర్మంలో అంతర్భాగం. ప్రాణమున్న దేనినీ గురిచూసే లక్ష్యంగా పెట్టరాదని దైవప్రవక్త (సఅసం) నిషేధించినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. పిచ్చుకనైనా హక్కు లేకుండా చంపినవాడిని అల్లాహ్ ప్రశ్నిస్తాడన్న హదీసు నసాయీ గ్రంథంలో ఉంది. దాని హక్కు జిబహ్ చేసి తినడమే గాని తల తెంచి పారవేయడం కాదని అదే హదీసు వివరిస్తుంది. గాయపడిన జంతువును వెంటనే చేరలేనివాడు కాల్చనే రాదన్నదే ఈ హదీసులనుండి వేటగాడు గ్రహించవలసిన భావం. అంటే తీర్పు జంతువును బాధించమని చెప్పలేదు. చేతికి అందనిదానిపై చేయి ఎత్తవద్దని చెప్పినట్లయింది.

తారుమారైన వేట

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చి దాని వేటను పూర్తిగా నిషేధించారు. దుప్పి, కణుజు వంటి వాటికి మొదట లైసెన్సుపై వేట ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సుల పద్ధతే రద్దయి, సంరక్షిత జంతువుల వేట మొత్తంగా నిషిద్ధమయింది. ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ముప్పు తెచ్చిన జంతువును అధికారి రాతపూర్వక అనుమతితో చంపే వెసులుబాటు మాత్రం 11వ సెక్షనులో మిగిలింది.

దీని ఫలితం ముస్లిం రైతుకు విచిత్రంగా పరిణమించింది. తినదగిన జింక, దుప్పి, కుందేలు చట్టంవల్ల దూరమయ్యాయి. పంట రక్షణ కోసం అనుమతితో కాల్చదగినది ముఖ్యంగా అడవిపంది. అది ఖుర్ఆన్ నిషేధించిన జంతువు. వేట తుపాకిగా పుట్టినది కాపలా తుపాకిగా మారింది. గుండు చేసిన గాయం హలాలా కాదా అన్న ప్రశ్న మెట్ట పొలంలో దాదాపు లేకుండా పోయింది. గుండు ఎవరిమీద, ఎందుకు పేల్చాలన్న ప్రశ్న మాత్రం మిగిలింది. పంటను కాపాడడానికి హానికరమైన జంతువును చంపడం వేరు, సరదాకు చంపడం వేరు. నాటు తుపాకి లైసెన్సు మొదటిదానికే.

చాటుగా కుందేలును, దుప్పిని కొట్టి, బిస్మిల్లాహ్ పలికి కోశాం గనుక హలాలేనని సమాధానపడేవారు ఉండవచ్చు. వారు మరచేది ఒకటి ఉంది. వేటను చోటును బట్టి, కాలాన్ని బట్టి ఆపడం ఇస్లాంకు కొత్త కాదు. ఇహ్రామ్‌లో ఉన్నవారికి నేలమీది వేట నిషిద్ధమని అల్ మాయిదా సూరా 95, 96 ఆయతులు చెబుతున్నాయి. మక్కా హరమ్‌లో వేట లేదు. మదీనా రెండు లావా మైదానాల నడిమి నేలలో వేటాడరాదని, చెట్లు నరకరాదని దైవప్రవక్త (సఅసం) ప్రకటించిన సంగతి సహీహ్ హదీసులలో ఉంది. హలాల్ అయిన జంతువును కూడా కొన్ని చోట్ల, కొన్ని వేళల ముట్టుకోకపోవడం ఆరాధనలో భాగమైంది. అటువంటి శిక్షణ పొందిన సమాజానికి, తరిగిపోతున్న అడవి జీవాలను కాపాడే చట్టం పరాయిది కారాదు.

కొత్త రైఫిల్, పాత ప్రశ్న

మూతినుండి నింపే తుపాకి చరిత్ర అంతటితో ముగియలేదు. అమెరికాలో అది తిరిగి వేట ఆయుధమయింది. అక్కడి రాష్ట్రాలు అటువంటి తుపాకులకు ప్రత్యేక వేట కాలాలు ఏర్పరచాయి. 1985లో టోనీ నైట్ అనే తుపాకి పనివాడు రూపొందించిన ఎమ్‌కే-85 రైఫిల్‌తో కొత్త పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. అందులో టోపీ మందుకు సరిగ్గా వెనుక, గొట్టంతో ఒకే వరుసలో ఉంటుంది. నిప్పు తిన్నగా పోయి మందును అంటుకొంటుంది. గాడుల గొట్టం, మొనదేరిన గుండు, దానికి తొడిగే ప్లాస్టిక్ తొడుగు, దుర్బిణి గురి కలిసి దీనిని దూరపు ఆయుధంగా మార్చాయి. తెలుగు కుటుంబాలు అనేకం అమెరికాలో స్థిరపడిన ఈ కాలంలో, వేట చట్టసమ్మతమైన ఆ దేశంలో, లైసెన్సు తీసుకొన్న ముస్లిం వేటగాడికి మెట్ట తాలూకాల పాత ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది.

అతడు గుండ్రని గుండును ఎంచుకొంటే అది పాత బందూఖాకు అతి దగ్గరది. హనఫీ తీర్పు దానిపై నిస్సందేహంగా పడుతుంది. మొనదేరిన గుండును ఎంచుకొంటే, అది చీల్చుకొని పోతుందన్న కారణంతో ఇరవయ్యో శతాబ్దపు పండితులలో కొందరు దానిని వేరుగా పరిశీలించారు. అయితే తగిలిన వెంటనే పుట్టగొడుగులా విప్పారి లోపల నలగగొట్టేలా చేసిన మెత్తని గుండ్లు కూడా ఉన్నాయి. మొన చూచి మోసపోరాదు. గాయం చూచి నిర్ణయించాలి. అన్ని అభిప్రాయాలవారికీ సమ్మతమైన మార్గం ఒక్కటే: కాల్చేటప్పుడు అల్లాహ్ నామం స్మరించడం, వేటను ప్రాణంతో చేరుకోవడం, కత్తితో జిబహ్ చేయడం. అందుకు అనువుగా దగ్గరనుండి, నమ్మకమైన గురితో కాల్చగల తుపాకియే అతడికి మంచి తుపాకి. ఎంత దూరం కొడుతుందన్న అంగడివాని ప్రశంస అతనికి అక్కరలేదు.

పదునుకూ బరువుకూ మధ్య గీత గీయమని అదీ బిన్ హాతిమ్ (రజి) ఎడారిలో అడిగిన ప్రశ్న ఉండేలు మట్టి ఉండనుండి ఎన్‌ఫీల్డ్ తూటా వరకు, మునేటి ఒడ్డు నాటు తుపాకినుండి అమెరికా కొత్త రైఫిల్ వరకు వెంట వచ్చింది. ఆయుధాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, సరిహద్దులు చెరిగిపోయాయి. ప్రాణం తీసే చేతికి జవాబుదారీ ఉన్నదన్న మాట మాత్రం మారలేదు. నందిగామ, జగ్గయ్యపేట పొలాల గట్టున కాపలా కూర్చున్న రైతుకైనా, దూరదేశంలో మంచు అడవిలో వేటకు నిలిచిన యువకునికైనా, తుపాకి బారుచేసే ముందు వేసుకోవలసిన ప్రశ్న అదే.